గాడ్సుహిల్ యింటి యజమాని

ఇంగ్లండు దేశపు ఆగ్నేయభాగమున కెంటు అను మండలము కలదు. లండను నుండి డోవరు రేవునకు పోవు పురాతనమైన రాజబాట ఆ మండలము మీదుగా సాగును. గ్రేవ్సెండు పట్టణము దాటిన పిమ్మట, రోచెస్టరు పట్టణమునకు సుమారు మూడుమైళ్ల దూరమున, ఆ బాట ఒక మిట్ట నెక్కును. ఆ మిట్టకు గాడ్సుహిల్ అని పేరు. దానిపై ఎఱ్ఱని యిటుకలతో కట్టిన యిల్లొకటి నేటికిని నిలిచియున్నది. వాకిట చిన్న పంచ, దాని కిరువైపుల ముందునకు పొడుచుకొని వచ్చిన కిటికీలు, పైని అటకగదులు, కప్పుమీద ఒక గంటగూడు. ఇంతే దాని వైభవము. ఆంగ్లేయ ప్రభువుల భవనములతో పోల్చిచూచినచో అది లెక్కలోనికి రాదు. మన పల్లెలలో కలిగిన రైతు కట్టించుకొను మేడవంటిది. అయినను ఆంగ్లసాహిత్యము చదివినవారికి ఆ ప్రభువుల కోటల పేర్లు తెలియకున్నను ఈ యింటి పేరు తెలియకపోదు. చార్లెసు డికెన్సు తన జీవితమున నేలతో సహా సొంతముగా కొనుక్కొన్న యిల్లు ఇదియొక్కటే. తక్కినవన్నియు గడువు మీదనో అద్దెకో తీసికొన్నవి.

ఈ యింటిని 1780 ప్రాంతమున కట్టించినవాడు టామసు స్టీవెన్సు. అతడు మొదట గుఱ్ఱపుశాలలో పనివాడనియు, బీరు కాచు యజమాని మరణింపగా ఆతని భార్యను పెండ్లాడి వ్యాపారమునకు కర్త అయ్యెననియు, తుదకు రోచెస్టరు నగరమునకు మేయరయ్యెననియు ఆ ప్రాంతమున చెప్పుకొనెడివారు. డికెన్సు నవలలనుండి జారిపడిన పాత్రవలె నున్నాడీ మొదటి యజమాని! ఇంటికంటె మిట్టకు ప్రసిద్ధి ముందే యున్నది. షేక్స్పియరు తన నాల్గవ హెన్రీ నాటకమున ఫాల్‌స్టాఫు అను స్థూలకాయుని చేతను అతని మిత్రులచేతను బాటసారులను దోపించినది యిచ్చటనే. ఇంటి కెదురుగా బాట కావలిప్రక్కన ఫాల్‌స్టాఫు పేరిట ఒక పూటకూళ్లసత్రము ఉన్నది. తరువాతి కాలమున డికెన్సు ఈ సంగతిని అందముగా వ్రాయించి, పటము కట్టించి, మేడమెట్ల మలుపున వ్రేలాడగట్టెను. షేక్స్పియరు ఎఱిగిన నేలపై తానుంటినని అతనికి అంత గర్వము.

డికెన్సు 1812 ఫిబ్రవరి 7వ తేదీన పోర్ట్సుమతు నగరమున జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాశాఖలో జీతములు చెల్లించు కార్యాలయమున గుమాస్తా. 1817లో ఆయన ఉద్యోగరీత్యా చాటము పట్టణమునకు వచ్చెను. అది రోచెస్టరు నంటియున్న రేవు. అక్కడ గడచిన అయిదేండ్లే ఆ బాలుని బాల్యమున వెలుగుగల భాగము. సెలవునాళ్లలో తండ్రి కొడుకును వెంటబెట్టుకొని దూరముగా షికారు పోయెడివాడు. గాడ్సుహిల్ మిట్టపైకి వచ్చినపుడెల్ల బాలుడా యింటిముందు నిలిచి కదలెడివాడు కాడు. పెద్దవాడవై కష్టపడి పనిచేసితివేని ఏనాటికైన నీవు ఈ యింట నుండవచ్చునని తండ్రి చెప్పెడివాడు. తండ్రులు పిల్లలతో ఇట్టి మాటలు చెప్పుట ఏ దేశమునను వింత కాదు. అయితే చెప్పిన తండ్రి ఎట్టివాడన్నదే యిక్కడ విశేషము. జాన్ డికెన్సు మంచివాడు, మాటకారి, అతిథిప్రియుడు. పనిలోను సోమరి కాడు. కాని ఆయన చేతిలో డబ్బు నిలువదు. వచ్చినదానికంటె పోవునది ఎప్పుడును ఎక్కువే. కష్టపడిన యిల్లు దొరకునని కొడుకునకు బోధించిన ఆ మనుష్యుడు తానున్న యింటి అద్దె సరిగా చెల్లింపలేకపోయెను.

1822లో కుటుంబము లండనునకు తరలెను. 1824 ఫిబ్రవరిలో, ఒక రొట్టెల వర్తకునకు చెల్లవలసిన నలుబది పౌనుల పది షిల్లింగుల అప్పుక్రింద, జాన్ డికెన్సును మార్షల్సీ అను ఋణగ్రస్తుల చెఱసాలలో నుంచిరి. తల్లియు చిన్నపిల్లలును కొంతకాలమునకు ఆ చెఱసాలకే చేరి ఆయనతో కాపురముండిరి. నాటి ఆచారము దానికి అడ్డు చెప్పలేదు. చార్లెసునకు అప్పటికి పండ్రెండేండ్లు. థేమ్సు నదియొడ్డున, ఎలుకలు తిరుగాడు ఒక పాత కట్టడములో, బూట్లకు వేయు నల్లరంగును తయారుచేయు కర్మాగారమున అతనిని పనికి పెట్టిరి. సీసాలకు కాగితములు చుట్టి, దారము కట్టి, చీటీలంటించుట అతని పని; వారమునకు ఆరు షిల్లింగులు కూలి. పగలెల్ల పని, రాత్రి పరుల యింట పడక, ఆదివారమునాడు చెఱసాలకు పోయి తల్లిదండ్రులను చూచుట. కొన్ని నెలలకు నాయనమ్మ చనిపోగా వచ్చిన సొమ్ముతోను, దివాలా చట్టముతోను తండ్రి విడుదలయ్యెను. తండ్రి కొడుకును పనిమాన్పించి బడికి పంపదలచెను. తల్లి మాత్రము పనిలోనే యుండుట మేలనెను. ఆ తల్లిమాటను కొడుకు తుదివరకు మఱువలేదు, మన్నింపను లేదు.

ఈ కథ నతడు లోకమునకు చెప్పలేదు. మిత్రుడు జాన్ ఫార్స్టరునకు మాత్రము వ్రాసి యిచ్చెను. డికెన్సు మరణానంతరము ఫార్స్టరు జీవితచరిత్ర ప్రకటించిన పిదపనే పాఠకులకు తెలిసినది. లోకమున దీనుల పక్షమున అంతగా గొంతెత్తిన రచయిత తన దైన్యమును అంతగా దాచుకొనుట ఆశ్చర్యముగానే తోచును. అప్పు, చెఱ, అవమానము అను మూడును అతని కెల్లప్పుడును తలుపు వెలుపల నిలిచియున్నట్లే యుండెను.

తరువాతి ఎదుగుదల విద్యార్థు లెఱిగినదే. న్యాయవాదుల కచేరీలో కుఱ్ఱగుమాస్తా, పిమ్మట సంక్షిప్తలిపి నేర్చి పార్లమెంటు విలేఖరి. 1836లో పిక్విక్ పేపర్సు ఆరంభము. ఆ యేడే ఏప్రిలు 2న కేథరిను హోగార్తుతో వివాహము. ఇరువదియైదేండ్లు నిండునప్పటికి దేశమంతట పేరు మ్రోగెను. ఆలివర్ ట్విస్టు, డేవిడ్ కాపర్‌ఫీల్డు వరుసగా వెలువడెను. పదుగురు బిడ్డలు కలిగిరి. ఒక పసికందు పోగా తొమ్మండుగురు మిగిలిరి.

1855లో అతని పత్రికకు సహాయసంపాదకుడుగా నున్న విల్సు ఒక విందులో ఎలిజా లిన్ అను రచయిత్రి ప్రక్కన కూర్చుండెను. మాటలలో ఆమె తన చిన్ననాట గాడ్సుహిల్ యింట పెరిగితిననియు, క్రైస్తవ మతాచార్యుడైన తండ్రి గతించుటచే దాని నమ్మవలసివచ్చినదనియు చెప్పెను. ఆ మాట విల్సు డికెన్సు చెవిని వేసెను. బేరసారములు కొంతకాలము సాగినవి. 1856 మార్చి 14వ తేదీన 1,790 పౌనులకు క్రయము ముగిసెను. అది శుక్రవారము. తాను పుట్టినదియు శుక్రవారమే కావున ఆ దినము తనకు కలిసివచ్చునని డికెన్సు నమ్మకము. శుక్రవారమునాడు ఇంటిలోని డబ్బు పైకి పోరాదని మన పెద్దలందురు. ఆయన ఆనాడే చెల్లించెను!

ఆనాటి మారకమున పౌను పది రూపాయలు. అనగా సుమారు పదునెనిమిదివేల రూపాయల యిల్లు. వారమునకు ఆరు షిల్లింగులు కూలి తెచ్చిన ఆ నల్లరంగు కర్మాగారపు బాలుడు ఒక్క కాసైన ఖర్చుచేయక కూడబెట్టినను దీనిని కొనుటకు నూటపదునాలుగేండ్లు పట్టియుండెడిది. జాన్ డికెన్సు ఈ క్రయమును చూడలేదు. ఆయన 1851లోనే మరణించెను. అప్పటివరకును ఆయన అప్పులు తీర్చుచుండినవాడు ఆ కొడుకే.

ఇల్లు కొన్నను వెంటనే చేతికి రాలేదు. గ్రామపు మతాచార్యుడు అద్దెకుండుటచే 1857 వసంతము వరకు వేచియుండవలసివచ్చెను. ఆ యేడు మే 19న, కేథరిను పుట్టినదినమునాడు, గృహప్రవేశమునకు మిత్రులను పిలిచిరి. వేసవిలో నీరు చాలకపోగా, కూలీలు నేలను తొలుచుచు పోయిరి. రెండువందల అడుగులకు పైబడిన లోతున గాని జల తగులలేదు. ఇల్లు కొనినవానికి బావి త్రవ్వువాడే అసలు యజమానియని మన యిండ్లవారికి తెలియనిది కాదు. ఆ దినములలోనే డెన్మార్కు దేశపు కథకుడు హాన్సు ఆండర్సను రెండువారములుందునని వచ్చి అయిదువారములుండెను. ఆంగ్లము అంతంతమాత్రముగా మాటలాడు ఆ అతిథితో ఇంటివారు విసిగిపోయిరి. ఆండర్సనునకు ఆ విసుగు తెలియలేదు. అంతకంటె పెద్దవిషయమును అతనికి తెలియలేదు. ఆ యింటి దంపతుల నతడు అన్యోన్యులుగా చూచి, స్వదేశమునకు పోయి అట్లే వ్రాసెను.

మఱుసటి యేడు, 1858లో, ఆ కాపురము విచ్ఛిన్నమయ్యెను. ఇరువదిరెండేండ్లు కలిసి బ్రదికిన భార్యను డికెన్సు వేఱుచేసెను. ఆమెకు ఏటికి 600 పౌనుల భరణమును, లండనులో వేఱొక యిల్లును ఏర్పడెను. పెద్దకొడుకు చార్లీ తల్లితో పోయెను. తక్కిన పిల్లలు తండ్రివద్ద నిలిచిరి. కేథరిను చెల్లెలు జార్జినా అక్కవెంట పోక బావ యింటనే యుండి గృహనిర్వాహము చేసెను. అంతకుముందటి యేడు పరిచయమైన ఎలెను టెర్నను అను పదునెనిమిదేండ్ల నటి దీనికి కారణమని నాడే గుసగుసలు పుట్టినవి. డికెన్సు తన దాంపత్యమును గూర్చిన ప్రకటనను పత్రికల కెక్కించెను. దీనిని సమర్థించుట కష్టము. పదిమంది బిడ్డలను కన్న యిల్లాలు తనపక్షమున పత్రికలో ఒక్క మాటయు వ్రాయింపలేదు. గాడ్సుహిల్ యింట 1860 జూలైలో ఆమె కూతురు కేటీ పెండ్లి జరిగెను, తల్లిని పిలువలేదు.

ఆ పెండ్లియైన రెండు నెలలకు, లండనులోని కాపురము పూర్తిగా ఎత్తివేసి, గాడ్సుహిల్‌లో స్థిరపడు సమయమున, డికెన్సు ఇంటివెనుక పొలములో ఒక మంట వేసెను. ఇరువదియేండ్లుగా మిత్రులును గొప్పవారును తనకు వ్రాసిన ఉత్తరములు బుట్టలకొలది మోయించి దానిలో వేసెను. పిల్లలు ఆ బూడిదలో ఉల్లిగడ్డలు కాల్చుకొని తినిరి. నాటి ఇంగ్లండు మేధావులలో పెక్కుర స్వహస్తలేఖనము ఆనాడు కెంటు గాలిలో కలిసిపోయినది.

ఆ యేటనే అతడు తన పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. అందు బండిలో పోవు ప్రయాణికునకు గాడ్సుహిల్ వద్ద ఒక చిన్న పిల్లవాడు కనబడి, ఆ యింటిపై తన కున్న ఆశను, తండ్రి తనకు చెప్పిన మాటను విన్నవించును. ప్రయాణికుడు ఆ పిల్లవానిని దింపి ముందునకు సాగిపోవును. ఆ యిల్లు ఆ ప్రయాణికునిదే. ఆ పిల్లవాడును అతడే. చమత్కారముగా వ్రాసిన ఆ కొద్ది పంక్తులను చదివినచో, కోరినది చేతికి వచ్చినను, కోరిన బాలుడు మాత్రము బాటమీదనే మిగిలిపోయినాడనిపించును.

గాడ్సుహిల్ కాలపు నవలలలో 1859 నాటి ఎ టేల్ ఆఫ్ టూ సిటీసు మన తెలుగువారికి తెన్నేటి సూరిగారి రెండు మహానగరాలు మూలమున పరిచితము. దానివెంట 1860 డిసెంబరు నుండి ప్రకటితమైన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్సు ఈ యింటి కథకు అతిసన్నిహితము. గాడ్సుహిల్‌కు ఉత్తరమున థేమ్సు వఱకు వ్యాపించిన చిత్తడినేలలు, కూలింగు గ్రామపు చర్చి ప్రాంగణమున వరుసగానున్న పసిబిడ్డల సమాధులు అందు చోటుచేసికొన్నవి. డికెన్సు రోజూ మైళ్లకొలది నడచునప్పుడు చూచినవే అవి. కమ్మరి కొలిమివద్ద పెరిగిన పిప్ అను బాలునకు పెద్దమనిషి కావలెనని కోరిక. అజ్ఞాతదాత సొమ్ముతో అతడు పెద్దమనిషి యగును. ఆ సొమ్ము ఒక చెఱసాలఖైదీదని తెలిసి కుప్పకూలును. తన్ను పెంచిన కమ్మరిని చూచి సిగ్గుపడినందుకు తరువాత సిగ్గుపడును. మేడ సంపాదించుకొన్న నడివయసున, ఆ మేడలో కూర్చుండి, మేడలపై వ్యామోహమును ఇంత కఠినముగా విచారించుట అల్పులకు సాధ్యము కాదు. భార్యపట్ల చూపని న్యాయదృష్టిని అతడు తనపట్ల ఈ నవలలో చూపెను.

తండ్రిగా అతని భాగ్యము వేఱు. రెండవ కొడుకు వాల్టరు 1857 జూలైలో, పదునాఱవ యేట, సైన్యమున చేరుటకై మన దేశమునకు ఓడ యెక్కెను. అది సిపాయిల తిరుగుబాటు సాగుచున్న కాలము. ఆ యుద్ధవార్తలు విని డికెన్సు తన లేఖలలో భారతీయులపై వెళ్లగ్రక్కిన ద్వేషము చదువుటకే కష్టము. ఆలివరునకై కన్నీరు పెట్టించిన కలము అదేనా యనిపించును. వాల్టరు అప్పులపాలై, అనారోగ్యముతో స్వదేశమునకు మరలబోవుచు, 1863 డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో మరణించెను, వయస్సు ఇరువదిరెండు. ఆ వార్త గాడ్సుహిల్ చేరునప్పటికి 1864 ఫిబ్రవరి 7. అది తండ్రి పుట్టినదినము. అన్నను కలిసికొందునను ఆశతో అప్పటికే ఫ్రాంకు అను తమ్ముడు భారతదేశమునకు బయలుదేరియుండెను. ఒడ్డు చేరినపిదపనే అన్న లేడని తెలిసినది. అనంతరము వాల్టరు అప్పుల లెక్కలు కలకత్తానుండి తండ్రికి వచ్చినవి. నౌకాదళమున చేరిన సిడ్నీయు అప్పులుచేసి తండ్రి యింటి గడప త్రొక్కరాని స్థితికి వచ్చెను. చార్లీ వ్యాపారము 1868లో దివాలా తీసెను. ఆ యేడే కడపటి కొడుకు ఎడ్వర్డును పదునాఱేండ్లవానిని ఆస్ట్రేలియాకు పంపుచు డికెన్సు రైలుస్టేషనులో వెక్కి వెక్కి ఏడ్చెను. తాత జాన్ డికెన్సు గుణము మనుమలకు వచ్చినదని అతని భయము. ఒక్క హెన్రీ మాత్రము కేంబ్రిడ్జిలో చదివి న్యాయశాస్త్రమున పేరు తెచ్చుకొనెను.

ఇంతమంది భారమును మోయుటకు నవలలు చాలలేదు. 1858 నుండి డికెన్సు ఊరూర సభలలో తన రచనలను తానే అభినయించుచు చదివి ధనము గడింపసాగెను. జనము విరగబడి వచ్చిరి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్‌స్టు వద్ద అతడెక్కిన రైలు వంతెనపై పట్టాలు తప్పెను, పదిమంది చనిపోయిరి. ఎలెను, ఆమె తల్లి అతనితో అదే పెట్టెలో నుండిరి. ఆ పెట్టె వంతెనపై వ్రేలాడి నిలిచిపోయినది. అతడు క్రిందికి దిగి గాయపడినవారికి నీరు పోసెను. పిమ్మట పెట్టెలోనికి మరల ఎక్కి, చిక్కుకొన్న నవలాభాగపు వ్రాతప్రతిని తెచ్చుకొనెను. ఆనాటినుండి రైలెక్కిన అతని చేతులు వణకెడివి. అయినను రైలుప్రయాణములు మానలేదు. 1867 చివర అమెరికా పోయి కొన్ని నెలలలో సుమారు ఇరువదివేల పౌనులు గడించి, కాలు వాచి, నిద్రలేక తిరిగివచ్చెను. 1869 ఏప్రిలులో వైద్యులు పర్యటన నాపించిరి.

గాడ్సుహిల్‌పై మాత్రము ఖర్చు తగ్గలేదు. ప్రతిసంవత్సరము ఏదో ఒక మార్పు చేయుచు, ఇదియే కడపటిదని ఇంటివారితో చెప్పెడివాడు. బాటకు ఆవలనున్న తన తోటలోనికి పోవుటకు బాటక్రింద సొరంగము త్రవ్వించెను. ఫెక్టరు అను నటుడు స్విట్జర్లండు పద్ధతిని కట్టిన చిన్న కొయ్యయింటిని విడిభాగములుగా 58 పెట్టెలలో బహూకరింపగా దానిని ఆ తోటలో నిలిపెను. పైగదిలో అయిదు నిలువుటద్దములుంచెను. చెట్లు, పైరుచేలు, నదిలోని తెరచాపలు వానిలో ప్రతిబింబించెడివి. వేసవిలో అక్కడనే వ్రాసెడివాడు.

1870 జూన్ 8వ తేదీ బుధవారమునాడు ఉదయమంతయు అతడా కొయ్యయింట ఎడ్విన్ డ్రూడు నవల వ్రాసెను. భోజనానంతరము, అలవాటునకు భిన్నముగా, మరల పోయి వ్రాసెను. సాయంకాలము సొరంగమార్గమున తిరిగివచ్చి భోజనమునకు కూర్చుండగా మెదడులో రక్తనాళము చిట్లినది. జార్జినా ఒక్కతెయే అతనియెదుట నుండెను. మఱునాటి సాయంకాలము ఆరుగంటలు దాటినపిదప, స్పృహ రాకయే, ఆ భోజనశాలలోని పడకమీద కన్ను మూసెను. వయస్సు ఏబదియెనిమిది. రైలు ప్రమాదము జరిగి సరిగా అయిదేండ్లు. నవల సగమువద్ద ఆగిపోయినది. తనకు ఆడంబరము వలదని, మిక్కిలి నిరాడంబరముగా ఖననము చేయవలెనని మరణశాసనమున వ్రాసెను. కాని దేశము అతనిని వెస్టుమినిస్టరు మందిరమునకు కోరుకొనెను. జూన్ 14న తెల్లవారుజామున శవపేటిక గాడ్సుహిల్ విడిచెను. ఆ మరణశాసనమున మొట్టమొదట కనబడు పేరు ఎలెను టెర్ననుది. ఆమెకు వేయి పౌనులు.

ఆస్తి తొంబదివేల పౌనులకు పైగా తేలినది; అప్పు లేదు. ఆగస్టులో ఇంటి సామానును, ఇంటిని వేలమువేసిరి. పాటలో చార్లీ స్వయముగా పాడి ఇంటిని దక్కించుకొనెను. దివాలా తీసి రెండేండ్లైన నిండని కొడుకు మేడ కొనుట చూచి జార్జినాయు ఫార్స్టరును ఉలికిపడిరి. వారి భయము నిజమే. పదేండ్లు గడవకముందే ఖర్చులకు తాళలేక చార్లీ ఆ యింటిని వదలుకొనెను. డికెన్సు వంశమునకు ఆ యింటితో సంబంధము అంతటితో తెగినది.

తరువాత ఇల్లు చేతులు మారినది. ఒక సైనికోద్యోగి కొంతకాలముండెను. పంతొమ్మిదవ శతాబ్ది చివర అందుండిన ఫ్రాన్సిసు లా లేథాము బొంబాయిలో అడ్వొకేటు జనరలుగా పనిచేసి స్వదేశము చేరినవాడు. 1924 మొదలు ఆ యింట ఒక పాఠశాల నడచెను. డికెన్సు నవలలు వ్రాసిన గదులలో పిల్లలు దశాబ్దములపాటు ఎక్కములు వల్లించిరి. తరువాత పాఠశాలకు ఆ ఆవరణలోనే వేఱు కట్టడములు ఏర్పడినవి. కొయ్యయిల్లు పలుచోట్లు తిరిగి, 1960ల నాటికి రోచెస్టరులో ఈస్టుగేటు భవనపు తోటకు చేరెను. సొరంగము మాత్రము బాటక్రిందనే యున్నది. దానికి పైగా డోవరు బాటపై బండ్లు పోవుచునేయున్నవి.